సముద్రానికి నడిచి వెళ్లిన ఉపకులపతి

కొన్ని ఉద్యోగాలు మనిషిని కుదిపి నిద్ర లేపుతాయంటారు. నాకు దొరికిన మొదటి ఉద్యోగం మాత్రం నన్ను ఒళ్లో వేసుకుని జోకొట్టింది. ఇరవై ఏళ్లు దాటిన మాట ఇది. విశాఖపట్నంలో, సముద్రం కనిపించేంత ఎత్తులో ఉన్న మా విశ్వవిద్యాలయంలో, ప్రచురణల విభాగం అనే ఒక పొడుగాటి గదిలో నేను తాత్కాలిక సహాయకురాలిని. (తాత్కాలికం అంటే ఆర్నెల్లకోసారి ఒక కాగితం వచ్చి ఇంకో ఆర్నెల్లు ఉండమని చెప్పాలి. ఆ కాగితం రాకపోతే ఇంటికి వెళ్లిపోవాలి.) ఆ గదిలో మూడు బల్లలు, ఆరు బీరువాలు, ఒకే ఒక్క కిటికీ. నా బల్ల ఆ కిటికీ పక్కనే. నన్ను అక్కడ కూర్చోబెట్టడం ఆ విభాగం చేసిన మొదటి పొరపాటు. అక్కణ్ణుంచి చూస్తే సరుగుడు చెట్ల తలల మీదుగా సముద్రం, సముద్రం మీద రేవులోంచి పిలుపు రాక వరసగా నిలబడిపోయిన ఓడలు. పొద్దున్న పదింటికి ఒక ఓడను చూడటం మొదలుపెడితే అది కదిలిందో లేదో తేల్చుకునేసరికి భోజనాల వేళయ్యేది.

మాది ఆనందపురం దగ్గర పల్లె. నాన్నకి బంతి, చామంతి తోటలు. పొద్దున్నే పూలబుట్టల మధ్య ఇరుక్కుని బస్సెక్కి, బస్సుల కాంప్లెక్స్ దగ్గర దిగి, ఇంకో బస్సు పట్టుకుని నేను ఆఫీసుకి చేరేసరికి నా జడకి రెండు మూడు చామంతి రేకులు అంటుకుని ఉండేవి. మా ఇంట్లో అప్పటిదాకా ఆఫీసు కుర్చీలో కూర్చున్నవాళ్లు లేరు. అందుకని అమ్మ వీధిలో కనబడినవాళ్లందరికీ, "మా పిల్ల యూనివర్సిటీలో పెద్ద రాత పని సేత్తంది" అని చెప్పుకునేది. పెద్ద రాత పని అంటే కవర్ల మీద చిరునామాలు రాయడమని నేనూ చెప్పలేదు, ఆవిడా అడగలేదు.

మా విభాగానికి పెద్ద, సూపరింటెండెంటు గారు. ఆయనకి మేం పెట్టుకున్న పేరు కామా గారు. ఆయన చేతికి ఏ కాగితం వెళ్లినా నాలుగైదు కామాలు తగిలించుకోకుండా తిరిగి వచ్చేది కాదు. విషయం తప్పయినా ఒప్పయినా ఆయన పట్టించుకునేవారు కాదు గానీ, వాక్యం ఊపిరి పీల్చుకోవడానికి చోటు లేకపోతే మాత్రం విలవిల్లాడిపోయేవారు. మంచి మనిషి. నేను కిటికీలోంచి చూస్తూ దొరికిపోయినప్పుడల్లా, "అమ్మాయ్, ఆ ఓడలు ఎక్కడికీ పోవు, ఈ కవర్లు పోవాలి" అనేవారు, అంతే.

ఆ ఏడు మా విశ్వవిద్యాలయానికి ఒక పెద్ద పుట్టినరోజు వచ్చింది. అప్పటి వీసీ గారు గుంటూరు వైపు నుంచి వచ్చిన భౌతికశాస్త్ర ఆచార్యులు. తక్కువ మాటల మనిషి. ఆయన ముందు నిలబడితే మనమే ఎక్కువ మాట్లాడేసి నాలిక కరుచుకుంటాం. పుట్టినరోజు నాటికి, మొదటినుంచి ఇప్పటిదాకా ఈ కుర్చీలో కూర్చున్న ఉపకులపతులందరి గురించీ ఒక పుస్తకం రావాలని, ఒక్కొక్కరికీ ఒక్క పేజీ కేటాయించాలని ఆయన ఆదేశం. ఆ పని తిరిగి తిరిగి నా బల్ల మీదికి వచ్చి వాలింది. కవర్లు రాసే పిల్లకి చరిత్ర రాసే పని. ఆ సాయంత్రం బస్సులో నేను కూర్చోలేదు, తేలాను.

నిజం చెప్పాలంటే ఆ మొదటి నెల నా జీవితంలో చాలా మంచి నెల. బీరువాల్లోంచి పాత ఫైళ్లు తీసి, దుమ్ము దులిపి, తాళ్లు విప్పితే ఒక్కో ఫైలులోంచి ఒక్కో మనిషి లేచి కూర్చునేవాడు. మొదటాయన ముళ్లపొదల మధ్య ఒక కుర్చీ వేయించుకుని, భవనాలు వచ్చేదాకా గొడ్డలి చప్పుళ్ల నడుమే సంతకాలు పెట్టారట. ఒకాయన ఏ దరఖాస్తు వచ్చినా ఆకుపచ్చ సిరాతో "చూద్దాం" అని మాత్రమే రాసేవారు. (అందరికంటే ఎక్కువకాలం పదవిలో ఉన్నది ఆయనే.) ఒకాయన సమ్మె చేస్తున్న విద్యార్థుల మధ్య చాప మీద కూర్చుని, వాళ్ల డిమాండ్ల కాగితంలో అక్షరదోషాలన్నీ ఓపిగ్గా దిద్ది ఇచ్చారు. వాళ్లు సిగ్గుపడి సమ్మె మానేశారో, నవ్వొచ్చి మానేశారో ఫైలులో లేదు. ఇంకొకాయన ఆవరణలోకి మేకలు రాకూడదని ఉత్తర్వు మీద ఉత్తర్వు జారీ చేశారు. మేకలు చదువుకోలేదు కాబట్టి ఇప్పటికీ వస్తూనే ఉన్నాయి. నేను రాస్తూ పోయాను, కామా గారు కామాలు పెడుతూ పోయారు.

చివరికి ఒక్కాయన మిగిలిపోయారు.

ఆయన పదవిలో ఉన్నది పట్టుమని పది నెలలు కూడా కాదు. ఫైలులో మూడే కాగితాలు. నియామకపు ఉత్తర్వు ఒకటి. బంగళా తాళాలు అప్పజెప్పినట్టు రసీదు ఒకటి. మూడోది, సొంత కారణాల వల్ల పదవి వదులుకుంటున్నానని ఒక్క వాక్యంలో రాజీనామా. భవనాలు లేవు, ఉత్తర్వులు లేవు, మేకలు కూడా లేవు. ఒక ఫొటో మాత్రం ఉంది. అందులో ఆయన కెమెరా వైపు కాకుండా పక్కకి, చట్రం అవతల ఎక్కడో ఉన్నదాన్ని చూస్తున్నారు. సన్నటి మొహం, పెద్ద చెవులు. మా విభాగంలో ఆయన్ని ఖాళీ పేజీ గారు అనడం మొదలుపెట్టాం.

పుస్తకం అచ్చుకి వెళ్లాల్సిన రోజు రానే వచ్చింది. ప్రెస్సు మనిషి గుమ్మం దగ్గర స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. కామా గారు గడియారం చూసి, "సాయంత్రం నాలుగుకల్లా ఆ పేజీ నా బల్ల మీద ఉండాలి అమ్మాయ్. ఖాళీగా వదిలితే వీసీ గారు ఊరుకోరు. నీ కాగితం కూడా ఈ నెలాఖర్నే వస్తుంది, గుర్తుందా" అన్నారు. ఆర్నెల్ల కాగితం సంగతి. బెదిరింపు కాదు, జ్ఞాపకం చేశారంతే. నాకు మాత్రం అమ్మ మొహం కనిపించింది.

నేను ఫొటో ముందు పెట్టుకుని కూర్చున్నాను. ఈయన ఏం చూస్తున్నారు? కిటికీలోంచి నేనూ చూశాను. ఎండ తగ్గి సముద్రం పాలపిట్ట రెక్కలా మెరుస్తోంది. సరుగుడు చెట్ల మధ్య నుంచి కిందికి దిగే కాలిబాట మీద ఎవరో మనిషి చేతులు వెనక్కి కట్టుకుని నెమ్మదిగా వెళ్తున్నాడు. గాలికి పంచె అంచు ఎగురుతోంది. అంతే, నాకు తెలిసిపోయింది. తెలిసిపోయిందనే నేను అనుకున్నాను. కలం దానంతట అదే కదిలింది: "ప్రతి సాయంత్రం ఆయన బంగళా నుంచి బయలుదేరి, సరుగుడు చెట్ల నడుమ కాలిబాట వెంట సముద్రానికి నడిచి వెళ్లేవారు. దారిలో ఎదురైన ఏ విద్యార్థి అయినా ఆయనతో పాటు నడవవచ్చు. విశ్వవిద్యాలయపు ముఖ్యమైన నిర్ణయాలెన్నో ఆ ఇసుక మీదే రూపుదిద్దుకున్నాయి." పేజీ నిండింది. చివరి వాక్యానికి నాకే కళ్లు చెమర్చాయి.

కామా గారు చదివి, కళ్లద్దాల పైనుంచి చూశారు. "ఇదంతా ఎక్కడ దొరికింది?"

"పాతవాళ్లు చెప్పారు సార్."

ఆయన కాసేపు ఆలోచించి రెండు కామాలు పెట్టి ప్రెస్సు మనిషికి ఇచ్చేశారు.

పుస్తకం వచ్చింది. నున్నటి అట్ట, కొత్త సిరా వాసన. వీసీ గారు దాన్ని మొదటినుంచి చివరిదాకా చదివారని, ఒక్క పేజీ దగ్గర మాత్రం చాలాసేపు ఆగిపోయారని కబురు వచ్చింది. ఏ పేజీయో చెప్పక్కర్లేదు. మర్నాడు కామా గారిని పిలిచి, పుట్టినరోజు ఉత్సవాలు ఉపన్యాసాలతో కాకుండా ఒక నడకతో మొదలుపెడదాం అన్నారట. ఆ మహానుభావుడు నడిచిన కాలిబాట వెంటే ఆచార్యులు, ఉద్యోగులు, విద్యార్థులు అందరూ కలిసి సాయంత్రం సముద్రం దాకా. ఆ బాటకి ఆయన పేరు పెడదాం. కామా గారు ఈ సంగతి చెబుతూ మురిసిపోతుంటే నేను ఒకే కవరు మీద రెండుసార్లు చిరునామా రాశాను.

అక్కడితో ఆగితే బాగుండేది. పత్రికలో ఆ నడక వార్త చదివినవాళ్లకి జ్ఞాపకాలు రావడం మొదలైంది. రిటైరైన ఒక ఆచార్యులు ఫోను చేసి, ఇసుక మీద వేలితో గీతలు గీస్తూ ఆయన తనకి ఒక సిద్ధాంతం చెప్పిన సంగతి వర్ణించారు. అన్నిటికీ మించి తాళాల తాత. ఒకప్పుడు ఆవరణలో గదులన్నిటి తాళాలూ ఆయన మొలకే వేలాడేవట. రిటైరై ఏళ్లయినా రోజూ వచ్చి మా వరండాలో కూర్చుని టీ తాగి వెళ్లేవాడు. పేజీ నేనే ఆయనకి చదివి వినిపించాను, పాపభీతితో. విని తల పంకించాడు.

"నిజవేనమ్మా. నాను సూసాను. ఎండైనా వానైనా నల్ల గొడుగు అట్టుకుని ఎల్లీవోరు బాబుగోరు."

"గొడుగా? నువ్వు నిజంగా చూశావా తాతా?"

"సూడకేటి! నాను సెప్పులు తుడిసి ఇచ్చీవోణ్ణి. ఇసక ఉండీది సెప్పుల నిండా. నీకేటి తెలుసు, నువ్వు అప్పటికి పుట్టనేదు."

అంత ఖచ్చితంగా చెబుతుంటే ఏం అనగలను? (రెండు రోజులయ్యాక నాకే అనుమానం వచ్చింది. నేను కల్పించలేదేమో, ఎవరో నిజంగానే చెబితే మరిచిపోయానేమో అని. అబద్ధం చెప్పినవాళ్లకి కలిగే సుఖాల్లో ఇది ఒకటి.) ఆ వారం రోజులూ నేను మళ్లీ హాయిగా ఓడలు చూసుకున్నాను.

అప్పుడు ఒక ఫోను వచ్చింది. ఖాళీ పేజీ గారికి ఒక కూతురు ఉన్నారట. వన్ టౌన్‌లో, క్రైస్తవ పాఠశాలలో ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పి మానేసిన టీచరమ్మ. పత్రికలో నడక వార్త చూసి ఫోను చేశారు. కామా గారి ఆనందానికి పట్టపగ్గాలు లేవు. ఆహ్వానపత్రం, పుస్తకం ఒక కవరులో పెట్టి నా చేతికిచ్చి, "రాసినదానివి నువ్వు, నువ్వే వెళ్లి ఇచ్చిరా. ఆవిడ ఆశీర్వాదం తీసుకో" అన్నారు.

ఆటో వన్ టౌన్ సందుల్లోకి దూరింది. ఉల్లిపాయల బస్తాలు దింపుతున్న కొట్ల మధ్య, ఒక పాత రెండంతస్తుల ఇంటి మెట్ల దగ్గర ఆటో అతను నన్ను దింపాడు. ఎక్కుతూ, చెప్పాల్సిన మాటలు రెండుసార్లు వల్లించుకున్నాను. తలుపు తీసినావిడ సన్నగా, తెల్లటి నూలు చీరలో, అచ్చం ఫొటోలో ఉన్న చెవులతో. నన్ను కూర్చోబెట్టి, మజ్జిగ ఇచ్చి, కళ్లద్దాలు తుడుచుకుని పుస్తకం తెరిచారు. నేను గ్లాసులోకి చూస్తూ కూర్చున్నాను. రేవులోంచి ఓడ కూత వినబడింది. ఆవిడ పేజీ ఒకసారి చదివారు. మళ్లీ చదివారు. తర్వాత ఆవిడ భుజాలు కదలడం మొదలైంది. ఏడుస్తున్నారనుకుని నేను లేచి నిలబడ్డాను. నవ్వుతున్నారు. నవ్వు దగ్గులోకి దిగి, దగ్గు తగ్గాక మళ్లీ నవ్వులోకి ఎక్కింది.

"ఇది ఎవరు రాశారమ్మా?"

"నేనేనండి."

"మా నాన్నగారికి సముద్రం అంటే చచ్చేంత భయం. నది కూడా లేని ఊళ్లో పుట్టారు. అలల చప్పుడుకి నిద్ర పట్టేది కాదని బంగళా కిటికీలన్నీ మూయించి, చెవుల్లో దూది పెట్టుకుని పడుకునేవారు. నన్ను కూడా సముద్రం దగ్గరికి పోనిచ్చేవారు కారు. ఈ ఊళ్లోనే పెరిగాను గానీ ఇప్పటికీ ఒక్కసారి నీళ్లలో కాలు పెట్టలేదు, తెలుసా."

నేను ఏడ్చేశాను. చక్కగా చెప్పాలని దారంతా తయారు చేసుకున్న మాటలన్నీ పోయాయి. ఫైలులో ఏమీ లేదని, కిటికీలోంచి చూస్తే అలా అనిపించిందని, నెలాఖరుకి నా కాగితం రావాలని, ఇంటి దగ్గర అమ్మ అందరికీ చెప్పుకుంటోందని, అన్నీ కలిపి, కామాలు లేకుండా చెప్పేశాను.

ఆవిడ నన్ను ఆపలేదు. ఏడుపు అయిపోయాక ఇంకో గ్లాసు మజ్జిగ పోశారు. "ఫైలులో ఎందుకు లేదో చెప్పనా? ఆయన లెక్కల మేష్టారు. చాలా మంచి మేష్టారు. పెద్దలందరూ పట్టుబట్టి ఆ కుర్చీలో కూర్చోబెట్టారు. పొద్దున్న లేస్తే వరండా నిండా మనుషులు. దరఖాస్తులు, సిఫారసులు, తగాదాలు. ఒకరోజు రాత్రి అన్నం కలుపుతూ కలుపుతూ ఆగిపోయి, 'ఇవాళ నేను ఎవరికీ ఏమీ నేర్పలేదే' అన్నారు. మా అమ్మతో కాదు, నాతో కాదు, కంచంతో. ఇంకో వారం చూశారు. రాజీనామా ఇచ్చేశారు. మర్నాడు పొద్దున్న తొమ్మిదింటికి సుద్దముక్క పట్టుకుని మామూలుగా క్లాసుకి వెళ్లారు. పిల్లలు లేచి నిలబడి కూర్చోవడం మర్చిపోయారట. 'కూర్చోండి, చాలా వెనకబడ్డాం' అని బోర్డు వైపు తిరిగారట. రిటైరయ్యేదాకా అదే క్లాసు, అదే బోర్డు."

నేను ముక్కు తుడుచుకోవడం కూడా మరిచిపోయి వింటున్నాను.

"మా అమ్మ మాత్రం క్షమించలేదు. పదవి పోయిందని కాదు. బంగళా పెరట్లో బెండ వేసింది. కాయ కోతకి వచ్చిన వారమే ఖాళీ చేశాం. ఆ బెండకాయలు తర్వాత వచ్చిన వీసీ గారి భార్య కోసుకుందని పోయేదాకా అంటూనే ఉంది."

"ఇప్పుడు నన్నేం చెయ్యమంటారండీ?" అని అడిగాను.

"నడకకి నేను వస్తాను. అబద్ధం నీది, అది నువ్వే చూసుకోవాలి" అన్నారు. మాట మెత్తగానే ఉంది. తప్పించుకునే సందు మాత్రం లేదు. మెట్లు దిగుతుంటే పైనుంచి పిలిచి, "బాగా రాశావమ్మా, అది మాత్రం నిజం" అన్నారు.

ఆఫీసుకి వచ్చి కామా గారికి చెప్పాను. ఆయన కుర్చీలోంచి సగం లేచి, అక్కడే ఆగిపోయారు. "పాతవాళ్లు చెప్పారన్నావు కదే!" అన్నారు. మొదటిసారి 'అమ్మాయ్' పోయి 'కదే' వచ్చింది. కాసేపటికి కూర్చుని, కర్చీఫుతో మెడ తుడుచుకుని, "నాకు అప్పుడే అనుమానం వచ్చింది. అయినా కామాలు పెట్టి పంపించాను. పద, ఇద్దరం వెళ్దాం" అన్నారు. ఆయన రిటైర్మెంటుకి రెండేళ్లుంది. రాకపోయినా ఎవరూ ఏమీ అనేవారు కాదు. ఆ 'ఇద్దరం' అనే మాట నేను ఈరోజుకీ మరిచిపోలేదు.

వీసీ గారి గది అంత పెద్దదని లోపలికి వెళ్లేదాకా నాకు తెలీదు. గుమ్మం నుంచి బల్ల దాకా నడవడానికే ఒక చరిత్ర పట్టింది. ఆయన ఫైలు మీద నుంచి తలెత్తారు. కామా గారు, "సార్, ఆ పుస్తకంలో, ఒక పేజీలో, కొంచెం," అని ఒక్కొక్క కామా దగ్గరా ఆగుతూ ఎక్కడికీ చేరడం లేదు. నేనే చెప్పేశాను. కిటికీ, కాలిబాట, పంచె అంచు, అన్నీ. ఆయన మొహంలో ఏమీ కదల్లేదు.

"ఎన్ని కాపీలు వేశాం?" అని కామా గారిని అడిగారు.

"వెయ్యి సార్. రేపట్నుంచి పంచాలి."

"ఆయన రాజీనామా ఎందుకు చేశారో తెలిసిందా?" ఈసారి నన్ను అడిగారు.

టీచరమ్మ చెప్పింది చెప్పినట్టు చెప్పాను. కంచం దాకా, సుద్దముక్క దాకా, కంగారులో బెండకాయల దాకా. వీసీ గారు కుర్చీ వెనక్కి జరిపి గోడ వైపు చూశారు. అక్కడ ఆయన ముందువాళ్లందరి ఫొటోలూ వరసగా ఉన్నాయి. పంకా తిరుగుతోంది, బల్ల మీద కాగితాలు బరువుల కింద గింజుకుంటున్నాయి.

"నేను క్లాసు చెప్పి నాలుగేళ్లయింది" అన్నారు చివరికి. మాకు చెప్పారో ఫొటోలకి చెప్పారో తెలీదు. తర్వాత నా వైపు తిరిగి, "అసలు సంగతి మీరు రాసినదానికంటే బాగుంది. అడిగి ఉంటే దొరికేది. అడగలేదు. అదే తప్పు" అన్నారు. తిట్టి ఉంటే తేలిగ్గా ఉండేది. ఒక కాగితం లాక్కుని ఆయనే నాలుగు వాక్యాలు రాసిచ్చారు. సాయంత్రపు నడక గురించి అచ్చయినది నిజం కాదని, ఈ ఉపకులపతి పదవి వదిలిన మర్నాడే లెక్కల క్లాసుకి తిరిగి వెళ్లారని. దీన్ని అచ్చు వేయించి ప్రతి కాపీలోనూ అతికించమన్నారు. "ఎవరితో?" అని కామా గారు అడగబోయి మానేశారు.

మూడు రోజులు. వెయ్యి చీటీలు. డబ్బాడు మైదా జిగురు. బల్ల కిటికీ పక్కనే ఉన్నా ఒక్క ఓడని చూస్తే ఒట్టు. కామా గారు కూడా చొక్కా చేతులు మడుచుకుని కూర్చుని అతికించారు. మూడో రోజు తాళాల తాత చీటీలో ఏముందని అడిగితే చదివి వినిపించాను. ఆయన నాకేసి జాలిగా చూశాడు. "కాయితం మీద ఏటైనా రాత్తారమ్మా. నాను సూసినోణ్ణి కదేటి" అని టీ గ్లాసు పెట్టేసి లేచిపోయాడు.

నడక మాత్రం ఆగలేదు. వీసీ గారు ఆపమనలేదు. సాయంత్రం అయిదున్నరకి అందరూ బంగళా ముందు చేరారు. పట్టుచీరలు కట్టుకున్న ఆచార్యులు, కొత్త బూట్లు వేసుకున్న డీన్లు, వెనక వందలమంది పిల్లలు. టీచరమ్మ ఆటో దిగి నేరుగా నా దగ్గరికి వచ్చి చెయ్యి అందించారు, పట్టుకోమని. దిగుడు దారి. బూట్లు జారి ఒక డీను గారు ఇంకో డీను గారిని కావలించుకున్నారు. (ఏళ్లుగా వాళ్లిద్దరికీ మాటల్లేవు.) సరుగుడు చెట్ల మధ్య గాలి ఈల వేస్తోంది. అంతమంది కలిసి మెల్లగా సముద్రం వైపు దిగుతుంటే, నిజంగానే ఎవరో ముందు నడుస్తున్నట్టు, ఆయన వెనకే మేమంతా వెళ్తున్నట్టు అనిపించింది నాకు. (నాకు అనిపించేవాటి విలువ అప్పటికే తెలిసింది కాబట్టి ఎవరికీ చెప్పలేదు.)

కింద, రోడ్డు దాటి ఇసుకలోకి వచ్చాక, తాళాల తాత ఎక్కణ్ణుంచో జనంలోంచి చొచ్చుకుని వచ్చి టీచరమ్మకి దండం పెట్టాడు. "పాపమ్మా, బాగున్నావా? మీ అయ్యగోరు ఇదే దార్న నల్ల గొడుగు అట్టుకుని రోజూ ఒచ్చీవోరు. నాను సెప్తంటే ఈళ్లు నమ్మట్నేదు."

నేను నడక ఆపేశాను. వీసీ గారు కూడా ఆగారు. టీచరమ్మ తాత మొహంలోకి కాసేపు చూశారు. "గొడుగు మాత్రం ఉండేది, క్లాసుకి తీసుకెళ్లేవారు. మెట్ల దగ్గర మీరే అందుకుని ఆరబెట్టేవారు కదూ?"

తాత కళ్లు మూసుకున్నాడు. పెదవులు కదిలాయి. "అవునమ్మా. లెక్కల బడి మెట్ల కాడ. వాన నీళ్లు కారీవి" అన్నాడు. ఆ తర్వాత ఆయన ఇసుక సంగతి ఎత్తలేదు. సొంత జ్ఞాపకం దొరికినవాడికి అరువు జ్ఞాపకంతో పనేముంది.

టీచరమ్మని మాట్లాడమంటే ఎక్కువ మాట్లాడలేదు. "మా నాన్నగారు ఇక్కడికి ఎప్పుడూ రాలేదు. ఆయన పేరు మీద నేను వచ్చాను, చాలు" అన్నారు. చెప్పులు విడిచి, చీర కుచ్చిళ్లు ఒక చేత్తో ఎత్తి, రెండో చేత్తో నన్ను గట్టిగా పట్టుకుని నీళ్లలోకి దిగారు. అల వచ్చి పాదాలు తడిపి వెళ్తూ కింద ఇసుక లాగేసరికి చిన్నపిల్లలా కేక పెట్టారు. "ఇదేంటమ్మా, నేల కదిలిపోతోంది!" డెబ్బై ఏళ్ల మనిషి. వీసీ గారు ఒడ్డున బూట్లు చేత్తో పట్టుకుని నిలబడి నవ్వారు. ఆయన నవ్వగా మేం చూడటం అదే మొదలు.

నెలాఖరుకి నా కాగితం వచ్చింది. దాంతో పాటు ఇంకో కాగితం కూడా, ఇకమీదట ఏం రాసినా ఎవరు చెప్పారో పక్కన పేరు రాయాలని. ఆ వర్షాకాలంలో భౌతికశాస్త్రం మొదటి ఏడాది పిల్లల టైంటేబులులో సోమవారం ఉదయపు పిరియడు ఎదురుగా వీసీ గారి పేరు కనిపించింది. దాని గురించి ఎవరూ ఏమీ అనలేదు, పిల్లలు తప్ప. బాగా కష్టం పేపరు ఇస్తున్నారని గోల. బాటకి లెక్కల మేష్టారి పేరు పెట్టారు గానీ బోర్డు మీద కారణం రాయలేదు. ఇంట్లో అమ్మకి సంగతంతా చెబితే శ్రద్ధగా విని, "అయితే ఆ బెండకాయలు ఆవిడికి ఇవ్వనేదేటి?" అని ఒక్కటే అడిగింది.

ఇప్పుడు నేను అదే ఆవరణలో కాస్త పెద్ద కుర్చీలో ఉన్నాను. ఈ మధ్య డాక్టరు రోజూ నడవాలన్నాడు, ఎత్తుపల్లాలున్న చోటయితే మరీ మంచిదన్నాడు. సాయంత్రం ఆఫీసు అయ్యాక ఆ బాట పట్టాను. దిగడం బాగానే ఉంది. ఎక్కడం మొదలుపెట్టాకే తెలిసింది, అది ఎంత నిట్టనిలువో. సగంలో ఒక రాయి మీద కూలబడి, ఆయాసంతో చెట్టు పట్టుకుని, "ప్రతి సాయంత్రం ఆయన సముద్రానికి నడిచి వెళ్లేవారు" అని తడుముకోకుండా రాసేసిన ఆ ఇరవై మూడేళ్ల పిల్ల గుర్తొచ్చి ఒక్కదాన్నే నవ్వుకున్నాను. వెళ్లడం గురించి అంత అందంగా రాసింది. తిరిగి ఎక్కి రావాలన్న సంగతే దానికి తట్టలేదు.